విక్టోరియా హాల్లో మళ్లీ ఒక తెలుగు నాటకం పడాలి: నాటక సమాజాలకు బహిరంగ లేఖ

నాటక సమాజాల అధ్యక్షులకు, నాటక పోటీలు నడిపే పరిషత్తుల కార్యదర్శులకు, దర్శకులకు, నటీనటులకు నమస్కారం.

చెన్నై సెంట్రల్ స్టేషన్లో రైలు దిగి, బయటికొచ్చి, కుడిచేతివైపు కాస్త దూరం నడిస్తే తెల్లటి రిపన్ బిల్డింగుకి ఇవతల ఒక ఎర్ర ఇటుకల మేడ కనిపిస్తుంది. కంటి ఆపరేషనుకో, పెళ్లి పట్టుచీరలకో మద్రాసు వచ్చినప్పుడు మీలో చాలామంది దాని ముందునుంచే ఆటోలో వెళ్లి ఉంటారు. అదే విక్టోరియా పబ్లిక్ హాలు. మెట్రో పనులు జరిగినన్నాళ్లూ ఆ వైపు ఇనుప రేకులు అడ్డం ఉండేవి. ఆ తర్వాత చెన్నై కార్పొరేషన్ సింగార చెన్నై పథకం కింద 32 కోట్ల పైచిలుకు కేటాయించి మరమ్మతులు మొదలుపెట్టింది. కింది అంతస్తులో ప్రదర్శనశాల, పై అంతస్తులో కళాకార్యక్రమాలు అన్నది వాళ్లు మొదట్లోనే చెప్పిన ఆలోచన.

అడగదలుచుకున్నది ముందే అడిగేస్తాను. వచ్చే ఏప్రిల్ 16న, మనం తెలుగు నాటకరంగ దినోత్సవం జరుపుకునే రోజున, ఆ హాల్లో ఒక తెలుగు నాటకం వేయండి. ఒక్కటి చాలు.

ఎందుకు అక్కడే అంటారా? చాలా సంగతులు చెప్పాలి. కాస్త ఓపిక పట్టండి.

మద్రాసుకొక టౌన్ హాలు కావాలని ఊరి పెద్దలు 1882లో పచ్చయ్యప్ప హాల్లో కూడి అనుకున్నారు. చందాలు పోగుచేశారు. పీపుల్స్ పార్కు నుంచి 57 గ్రౌండ్ల (గ్రౌండు అంటే మద్రాసులో స్థలం కొలత) స్థలాన్ని 99 ఏళ్ల లీజుకి తీసుకున్నారు. అద్దె గ్రౌండుకి ఎనిమిదణాలు. ఇవాళ చెన్నైలో గ్రౌండు రేటు తెలిసినవాళ్లు ఈ వాక్యం దగ్గర ఒక్క క్షణం ఆగినా నేనేమీ అనుకోను. నమూనా గీసింది రాబర్ట్ చిజమ్. కట్టింది నంబెరుమాళ్ చెట్టి. ఆయన ఇంటిపేరు తాటికొండ. ఇక 1883 డిసెంబరులో శంకుస్థాపన చేసింది ఎవరో తెలుసా? మన విజయనగరం మహారాజు పూసపాటి ఆనంద గజపతిరాజు. 1892లో విజయనగరంలో కన్యాశుల్కం మొదటిసారి ఆడినప్పుడు గురజాడకి అండగా నిలిచింది ఈయనే, 1897లో ఆ పుస్తకం అంకితం పొందిందీ ఈయనే. అంటే గిరీశం వేదికెక్కడానికి తొమ్మిదేళ్ల ముందే మహారాజు మద్రాసులో ఒక వేదికకి పునాది వేసి వచ్చాడన్నమాట. విక్టోరియా రాణి పాలన స్వర్ణోత్సవం 1887లో రావడంతో హాలుకి ఆమె పేరు పెట్టారు. పేరు దొరసానిదైనా డబ్బులు మాత్రం చందాలవే.

అసలు కథ 1891లో మొదలవుతుంది. బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు అనే వకీలు ఉండేవారు. మన ఆంధ్ర నాటక పితామహుడు ఆయనే. ఆయన సరసవినోదినీ సభ మద్రాసు వచ్చి విక్టోరియా హాల్లో తెలుగు నాటకాలు ఆడింది. ప్రేక్షకుల్లో పద్దెనిమిదేళ్ల తమిళ కుర్రాడు ఒకడున్నాడు, పేరు సంబంధం. అప్పటిదాకా అతనికి నాటకమంటే పెద్దగా గౌరవం లేదు. రాత్రిపూట పందిళ్లలో జరిగేది, చదువుకున్నవాళ్లు తొంగిచూడకూడనిది అనుకునే కాలమది. అలాంటిది, కోర్టులో నల్లకోటు వేసుకుని వాదించేవాళ్లే రాత్రికి కిరీటం పెట్టుకుని రంగం మీదికొచ్చారు. దాన్ని చూడ్డానికి ఊళ్లోని పెద్దమనుషులు వరుసలు కట్టి కూర్చున్నారు. ఆ కుర్రాడు అదే ఏడాది స్నేహితుల్ని పోగేసి సుగుణ విలాస సభ పెట్టాడు. తర్వాత అతనూ వకీలయ్యాడు, జడ్జీ అయ్యాడు, పదుల కొద్దీ నాటకాలు రాశాడు, 1959లో పద్మభూషణ్ అందుకున్నాడు. తమిళులు ఆధునిక నాటకానికి తండ్రిగా చెప్పుకునే పమ్మల్ సంబంధ మొదలియార్ అతనే.

ఈ సంగతి నేను కల్పించింది కాదు. తనకి దారి చూపింది బళ్లారి తెలుగువాళ్ల నాటకాలేనని మొదలియార్ తన జ్ఞాపకాల్లో స్వయంగా రాసుకున్నారు. అప్పు తీసుకున్నవాడు పత్రం రాసి సంతకం పెట్టాడు. అప్పిచ్చినవాళ్లం మనమే ఆ పత్రం ఎక్కడ పెట్టామో మరిచిపోయాం.

సుగుణ విలాస సభ ఆ హాల్నే ఇల్లు చేసుకుని దశాబ్దాలపాటు నడిచింది. తమిళంతో ఆగలేదు, తెలుగు నాటకాలూ వేసింది. ఆ తెలుగు నాటకాల్లో ప్రేక్షకుల్ని కట్టిపడేసిన నటుడు బళ్లారి రాఘవ. తాడిపత్రిలో 1880లో పుట్టిన తాడిపత్రి రాఘవాచార్యులు, ధర్మవరం వారికి మేనల్లుడు, మేనమామలాగే వకీలు. పద్యాన్ని సాగదీసి రాగం తీసి చప్పట్లు కొట్టించుకునే రోజుల్లో, మాటలో ప్రాణం ఉంటే రాగం ఎందుకని ఎదురు తిరిగినవాడు. ఆడవేషం ఆడవాళ్లే వేయాలని పట్టుబట్టినవాడు. 1928లో ఇంగ్లండు వెళ్లి బెర్నార్డ్ షాని కలిసి వచ్చినవాడు.

ఏప్రిల్ 16 అని ఎందుకన్నానో ఇప్పుడు చెబుతాను. ఆ రోజు కందుకూరి వీరేశలింగం పంతులుగారి పుట్టినరోజు (1848) కాబట్టి నాటకరంగ దినోత్సవం చేసుకుంటున్నాం. సరే. రాఘవ కన్నుమూసింది కూడా ఏప్రిల్ 16నే, 1946లో. ఏటా ఆ రోజు కందుకూరి పటానికి దండ వేస్తాం, పురస్కారాలిస్తాం, ఉపన్యాసాలిస్తాం. పక్కన రాఘవ పటం పెట్టిన సభలు నేను చూసినంతలో తక్కువే. ఒకే తేదీన ఇద్దరు. ఒకరు రాజమహేంద్రవరంలో నాటకం మొదలెట్టించినవారు, ఇంకొకరు దాన్ని బళ్లారి నుంచి మద్రాసు దాకా, ఆపైన సముద్రం దాకా తీసుకెళ్లినవారు.

ఆ హాలు గొప్ప నాటకంతోనే అయిపోదు. వివేకానందుడు అమెరికా నుంచి తిరిగొచ్చాక 1897 ఫిబ్రవరిలో మద్రాసులో ఇచ్చిన ప్రసంగాల్లో కొన్నింటికి అదే వేదిక. మొదటిరోజు స్వాగత సభ పెడితే లోపల కిక్కిరిసినంత జనం బయటా ఉన్నారట. బయటివాళ్లు గోల పెడితే స్వామీజీ బయటికొచ్చి గుర్రబ్బండి మీదికెక్కి, ఇది కృష్ణుడు రథం మీదినుంచి గీత చెప్పిన పద్ధతి అని నవ్విస్తూ మాట్లాడారు. మద్రాసులో కదిలే బొమ్మలు మొదట వేసి చూపించిన చోట్లలోనూ ఈ హాలే ఉంది. అక్కడా మనవాడొకడున్నాడు. మచిలీపట్నం నుంచి వచ్చి మౌంట్ రోడ్డులో ఫొటో స్టూడియో పెట్టుకున్న రఘుపతి వెంకయ్య, 1910 ప్రాంతంలో క్రోనోమెగాఫోన్ తెప్పించి ఇక్కడే ప్రదర్శించాడు. బొమ్మ తెర మీద, పాట గ్రామఫోను ప్లేటు మీద, రెండూ కలిసి నడిచే యంత్రం అది. టాకీలు రావడానికి ఇంకా ఇరవయ్యేళ్లుంది. సినిమావాళ్లకి ఏటా ఆయన పేరిట అవార్డు ఇచ్చుకున్నాం. ఆయన యంత్రం మోగిన గది ఇంకా నిలబడి ఉందని అవార్డు అందుకున్నవాళ్లలో ఎందరికి తెలుసో!

ఇన్ని ఉన్నా ఈ హాలు మనకి ఎందుకు పట్టలేదు? నాకు తోచిన కారణం ఒక్కటే. రాష్ట్రాల గీతలు. శంకుస్థాపన చేసిన విజయనగరం ఇవాళ ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. నాటకం ఆడిన బళ్లారి 1953లో మైసూరుకి పోయింది, ఇప్పుడు కర్ణాటక. హాలేమో తమిళనాడులో. ఆంధ్రా సాంస్కృతిక శాఖకి అది పొరుగు రాష్ట్రపు కట్టడం. తెలంగాణకి మరీ దూరం. కర్ణాటకకి అది తెలుగు నాటకం. తమిళనాడుకి అది పమ్మల్ వారి సభ, అంతవరకు వాళ్లు బాగానే తలుచుకుంటారు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు ఏ ప్రభుత్వం ఖాతాలోకీ సరిగ్గా రాడు. కాబట్టి ఈ ఉత్తరం ఏ మంత్రిగారికీ రాయలేదు. నాటకం వాళ్లకి గీతలుండవు. ఒంగోలు సమాజం హైదరాబాదులో ఆడుతుంది, విశాఖ వాళ్లు తిరుపతిలో ఆడతారు, సెట్టు లారీకెక్కిస్తే ఎక్కడికైనా వెళతారు. ఇది మీ చేతిలో పని.

నేను చెన్నైలో ఉంటున్నవాణ్ని కాబట్టి ఆ కట్టడం గురించి దగ్గరగా చూసినవి నాలుగు చెబుతాను, దర్శకులకి పనికొస్తాయి. చతురస్రంగా ఒక బురుజు, దాని తల మీద కేరళ గుళ్ల కప్పులా కోసుగా దించిన కప్పు. రెండు పక్కలా కమానుల వసారాలు, సన్నటి స్తంభాలు. తలెత్తి చూస్తే చూరు కింద కాల్చిన మట్టితో చేసిన అల్లిక వరసగా సాగిపోతుంది. దూరంనుంచి ఉర్దూలో ఏదో రాసినట్టుంటుంది, దగ్గరికెళితే ఒట్టి నగిషీ. పాత లెక్క ప్రకారం కింద ఒక హాలు, పైన ఒక హాలు, ఒక్కోదాంట్లో 600 మంది పడతారు. తూర్పువైపు చెక్క గ్యాలరీలో మరో 200 మంది. బాగుచేశాక కుర్చీల లెక్క ఎలాగూ మారి ఉంటుంది, అడిగి తెలుసుకోవాలి. పక్కనే లోకల్ రైళ్ల స్టేషను, ముందు పూనమల్లి హైరోడ్డు. బస్సుల హారన్లు మాత్రం దేవుడు కూడా ఆపలేడు. కాబట్టి నిశ్శబ్దం మీద నడిచే దృశ్యాలున్న నాటిక తెస్తే ఇబ్బంది పడతారు.

ఇక ఏ నాటకం వేయాలి?

నా ఓటు ధర్మవరం వారి విషాద సారంగధరకే. నాటకం మంగళాంతం కావాలన్న సంస్కృత నియమాన్ని పక్కన పెట్టి, కథ దుఃఖంతో ముగిస్తే ముగియనివ్వమని తెలుగులో మొదట తెగించిన నాటకం అది. రాజమహేంద్రవరం కథ, బళ్లారిలో రాసినది, మద్రాసు ఎరిగిన సమాజానిది. ఇంతకంటే సరైనది ఇంకేముంటుంది? అయితే ఉన్నదున్నట్టు వేయమని నేననను. ఆ రోజుల్లో నాటకం తెల్లవార్లూ నడిచేది. ఇప్పుడు గంటన్నరకి కుదించాలి. పద్యాల్లో పది మంచివి ఉంచండి, మిగతావి వచనంలోకి దించండి. పద్యనాటకం అభిమానులు నన్ను తిట్టుకుంటారని తెలుసు. కానీ ఆ హాల్లో ఏప్రిల్ 16న నాటకం వేస్తూ రాఘవ మాట కాస్తయినా వినకపోతే ఎలా? హార్మోనియం ఉండాలి, వన్స్‌మోర్లు వద్దు. కుదించే పని ఎవరు చేస్తారన్నది మీలో మీరు తేల్చుకోండి. పరిషత్తులకి నాటికలు రాసేవాళ్లలో ఆ పని చేయగలవాళ్లు ముగ్గురు నలుగురైనా ఉన్నారు. పేర్లు రాస్తే మిగిలినవాళ్లు నొచ్చుకుంటారు.

సెట్టు గురించి ఒక మాట. పరిషత్తు సెట్టులు నాకు తెలుసు. రెండు గదులు, మధ్యలో మెట్లు, వెనక కిటికీ, కిటికీలో చంద్రుడు. వాటిని పట్టుకుని రావద్దు. నూట ముప్ఫయ్యేళ్ల గోడకి మేకు కొట్టనివ్వరు, కొట్టనివ్వకూడదు కూడా. చెక్క పని ఎక్కువున్న కట్టడంలో పొగ యంత్రాలు, నిప్పు, సాంబ్రాణి కడ్డీలు అసలే వద్దు. ఒక నల్ల తెర, రెండు పీటలు, మంచి ఆహార్యం చాలు. సారంగధరుడి కథలో చూడవలసింది మనుషుల్ని.

మైకుల సంగతి కూడా ఆలోచించండి. రంగం మీద నాలుగు వేలాడే మైకులు, ఒక్కోదాని కిందికి నటుడు వచ్చి ఆగి డైలాగు చెప్పి వెళ్లడం మనకి అలవాటైపోయింది. ధర్మవరం వారు, రాఘవ మైకు లేకుండా ఇదే హాల్లో చివరి వరుసకి వినిపించారు. రోడ్డు చప్పుడు అప్పుడింత లేదు, నిజమే. కనీసం రిహార్సల్సన్నా మైకు లేకుండా చేసి రండి. గొంతు ఎక్కడ తేలిపోతోందో తెలుస్తుంది.

సభ సంగతి ఇంకా భయంగా ఉంది. దయచేసి వేదిక మీద ఇరవై కుర్చీలు వేయకండి. జ్యోతి ప్రజ్వలన వద్దు (పైన చెప్పాను, చెక్క కట్టడం). శాలువాలు, మెమెంటోలు, "సమయాభావం వల్ల రెండే మాటలు" అంటూ మొదలయ్యే అరగంట ప్రసంగాలు ఏవీ వద్దు. 1891లో సంబంధం అనే కుర్రాడు నాటకం చూసి మారాడు, అధ్యక్షోపన్యాసం విని కాదు. గంట కొట్టండి, తెర లేపండి. ధర్మవరం వారి గురించి చెప్పదలిస్తే ఒక కాగితం అచ్చువేసి కుర్చీల్లో పెట్టండి.

ముఖ్యమైన మాట ఇంకొకటుంది. మద్రాసు మనదే అన్న పాత గొంతుతో అక్కడికి వెళ్లొద్దు. ఆ గొడవ 1953తో ముగిసింది. దాన్ని తవ్వితే మనకి ఒరిగేదేమీ లేదు, ఇక్కడ బతుకుతున్న తెలుగువాళ్లకి చికాకు మిగులుతుంది. హాలు వాళ్లది, కాపాడుకుంటున్నదీ వాళ్లే. మనం అతిథులుగా వెళ్లాలి. అందుకే, అదే రోజు ఉదయంపూట పమ్మల్ సంబంధ మొదలియార్ నాటకం ఒకటి తమిళ సభవాళ్లని వేయమని పిలవండి. సాయంత్రం మనది. మొదటి రెండు వరుసలు తమిళ ప్రేక్షకులకి ఉంచండి. మొన్నమొన్నటిదాకా పక్కవాడి భాషలో నాటకం చూసి ఆనందించడం మద్రాసులో వింతేమీ కాదు. మొదలియార్ చూసింది తెలుగు నాటకమే కదా. బళ్లారి వాళ్లనీ పిలవండి. అక్కడ రాఘవ పేరిట రంగమందిరం ఉంది, ఆయన్ని తలుచుకునేవాళ్లున్నారు. కన్నడం మాట్లాడతారని మనవాళ్లు కాకుండా పోరు.

డబ్బు సంగతి. పదిహేను మంది బృందం విజయవాడ నుంచి పొద్దున్నే పినాకిని ఎక్కితే మధ్యాహ్నానికి సెంట్రల్లో దిగుతారు. హాలు అక్కడినుంచి నడిచే దూరం. సెట్టు లేదు కాబట్టి లారీ బాడుగ లేదు. పోటీ కాదు కాబట్టి న్యాయనిర్ణేతలకి బస ఏర్పాట్లు లేవు. మూడు నాలుగు పరిషత్తులు కలిసి తలా కొంత వేసుకుంటే ఎవరికీ భారం కాదు. ఒక పరిషత్తు ఒక్కటే చేయబోతే మాత్రం "ఆ పరిషత్తు వాళ్ల కార్యక్రమం" అయిపోతుంది, రెండోవాడు రాడు. మన సంగతి మనకి తెలియంది కాదు.

అనుమతి కోసం రాయవలసింది చెన్నై కార్పొరేషన్ కమిషనర్‌కి. ఆఫీసు పక్కనున్న రిపన్ బిల్డింగులోనే. హాలు వాడుకోవడానికి నిబంధనలేమిటో, అద్దె ఎంతో, లైట్లకి ఎంత కరెంటు వాడొచ్చో, గ్రీన్‌రూముగా ఏ గది ఇస్తారో రాతపూర్వకంగా అడగండి. వ్యక్తి పేరుతో కాకుండా సమాజాల లెటర్‌హెడ్ మీద, ఇంగ్లీషులో ఒకటి, తమిళంలో ఒకటి పంపండి. దసరాలోపు పంపితే జవాబు రావడానికి, రాకపోతే వెళ్లి కూర్చోవడానికి టైము ఉంటుంది.

నాటకం ఈ ఏడు కుదరకపోతే కనీసం మనుషులన్నా రండి. నాటకం వేసే ప్రతివాడూ ఒక్కసారైనా చూడాల్సిన చోటు అది. రైలుకి రెండు గంటలుంటే సెంట్రల్ వెయిటింగ్ హాల్లో ఫోను చూస్తూ కూర్చోకుండా అటు నడవండి. సాయంత్రంపూట వెళితే పడమటి ఎండ ఇటుకల మీద పడి బాగుంటుంది. లోపలికి వెళ్లే వేళలు ముందు కనుక్కోండి. ప్రదర్శనశాలలో ధర్మవరం వారి పేరు, రాఘవ బొమ్మ, వెంకయ్య యంత్రం ఎక్కడైనా ఉన్నాయేమో చూడండి. ఉంటే అక్కడున్న పుస్తకంలో నాలుగు మంచి మాటలు రాయండి. లేకపోతే గొడవ పడకుండా, మీ సమాజం బీరువాలో ఉన్న పాత ఫొటోలు, కరపత్రాలు, టికెట్ల నకళ్లు తీసి పంపండి. ఆ రోజుల కరపత్రం ఒక్కటి దొరికినా పది ప్రసంగాల పెట్టు.

నాటకం ఖాయమైతే కార్పొరేషన్‌కి తమిళంలో ఉత్తరం రాయడం, ప్రేక్షకులకి ఇచ్చే కాగితానికి తమిళ సారాంశం రాయించడం, చెన్నైలో భోజనాలు, బస చూడటం నాకూ ఇక్కడి మిత్రులకీ వదిలేయండి. నాటకం మాత్రం మీరే తేవాలి.

ఇట్లు,
చెన్నైలో ఉంటున్న ఒక తెలుగు నాటకాభిమాని